డెన్మార్క్‌లో ఒక పిల్లను కూర్చోబెట్టాను

“రేపు తొమ్మిదింటికి మ్యాచ్ ఉంది పెద్దమ్మా. ఆ పిల్ల రాకుంటే గోల్ల ఎవలు నిలవడాలె? నువ్వు నిలవడ్తవా?”

“అవసరమైతే నిలవడ్త సారు. పిల్లను మాత్రం పంప.”

“పంపవా? పంపనంటందుకు నువ్వెవలు? కోచ్‌ను నేను.”

“కోచ్‌వే. ఆట కాడ నువ్వు ఎట్ల చెప్తే గట్లనే. ఇది ఆట ముచ్చట కాదు.”

“మరేం ముచ్చట? చిన్న ప్రాబ్లం. గోలీ ఏసుకుంటే పాయె. మిగిత పిల్లలు ఆడుతలేరా ఆ… ఆ రోజులల్ల?”

“అది వేరు, ఇది వేరు. ఇది మొదటిది. తల్లి కూసోబెట్టుమన్నది, కూసోబెట్టిన.”

“ఇది తొర్రూరు కాదు పెద్దమ్మా, డెన్మార్క్!”

“పిల్లది తొర్రూరే గదా.”

మేమిద్దరం మా టీమును ఉంచిన బడి వరండాలో ఇట్లా అరుచుకుంటుంటే పక్క గదుల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఏ ఏ దేశాల పిల్లలో తలలు బయటపెట్టి చూశారు. మా భాష వాళ్లకు రాకపోవడం మంచిదైంది. రవీందర్ సారు మంచి కోచ్. చెడ్డ మాట అనడు, పిల్లల మీద చెయ్యి ఎత్తడు. కానీ అసలు సంగతిని మాత్రం ఒక్కసారి కూడా నోటితో అనలేకపోయాడు. ‘ఆ ప్రాబ్లం’ అన్నాడు, ‘ఆ ముచ్చట’ అన్నాడు, ఒకసారి చేత్తో గాలిలో సున్నా చుట్టాడు. నేనే చెబుతాను. మా గోల్‌కీపర్ శ్రావణి ఆ రోజు మధ్యాహ్నం పెద్దమనిషి అయింది. పదమూడేళ్ల పిల్ల. ఫోన్‌లో వాళ్లమ్మ చెప్పినట్టు నేను ఆ పిల్లను గదిలో ఒక మూలకు కూర్చోబెట్టాను. మరునాటి మ్యాచ్ గెలిస్తే పై రౌండు, ఓడితే ఇంటి దారి.

చివరికి సారు గొంతు తగ్గించాడు. “జర ఆ పిల్ల మొకం జూడు పెద్దమ్మా.”

“మొకాలు జూస్తే మా పని నడవది సారు” అన్నాను.

ఆ మాట అన్నది నేనే కాబట్టి ఇది రాస్తున్నాను. నేను ఐదో తరగతి దాకే చదివాను. రాతలో తప్పులు మడికొండలో ఉండే నా మనవరాలు దిద్దింది. మాటల్లో తప్పులుంటే మాత్రం అవి నావే.

పని ఏమిటంటే

హన్మకొండలో ఆడపిల్లల ఫుట్‌బాల్ హాస్టల్లో ఇరవై రెండేళ్లు చేశాను. చేరినప్పుడు వంటమనిషిని, మానేసినప్పుడు మ్యాట్రన్‌ను. పేరు మారింది గానీ పని మారలేదు. ఆట ఒక్కటి కోచ్‌ది, మిగిలినదంతా నాది. నాలుగున్నరకు లేపడం, జావ తాగించడం, బూట్ల కింది మట్టి గీకించడం, పేలు చూడడం, జ్వరమొస్తే దవాఖానకు తీసుకుపోవడం, ఎవరు ఎందుకు తినడం లేదో కనిపెట్టడం. సబ్బు ముక్కలు పారేయనిచ్చేదాన్ని కాదు. అరిగిన ముక్కలన్నీ ఒక పాత సాక్సులో వేసి ముడి కడితే ఇంకో పది రోజులు గడుస్తుంది. వెనక నన్ను ‘సబ్బు ముసల్ది’ అనేవాళ్లు. నాకు తెలుసు. ఎదురుగా మాత్రం అందరికీ అమ్మమ్మనే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే ఆడవాళ్లకు ఒకటి ముందే చెప్పాలి. ఇది ఒంటరి పని. నలభై మంది పిల్లల మధ్య ఒంటరితనం ఎక్కడిది అని నన్ను చాలామంది అడిగారు. ఆదివారం గేటు దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుంది. కేసముద్రం నుంచి ఒకరు, తొర్రూరు నుంచి ఒకరు, టిఫిన్ డబ్బాలు పట్టుకుని తల్లులు దిగుతారు. ఆరు రోజులు నా కొంగు పట్టుకుని తిరిగిన పిల్లలు ఆ ఒక్కరోజు నా పక్క నుంచే పరుగెత్తుకుంటూ పోతారు. అది వాళ్ల తప్పు కాదు. మొదట్లో నా కొడుకులిద్దరూ వచ్చేవాళ్లు. బస్సు చార్జీలు దండగ, పండుగకు నేనే వస్తానని చెప్పాను. వాళ్లు మాట విన్నారు. తర్వాత ఆదివారాలు స్టోరు గది సర్దుకునేదాన్ని. సర్దడానికి ఏమీ లేకపోయినా సర్దేదాన్ని.

మా మొదటి వార్డెన్ మేడం నేను చేరిన వారంలోనే పిలిచి చెప్పింది: “కొమురమ్మా, పిల్లల్ని మరీ దగ్గరకు తియ్యకు. టెన్త్ కాంగనే పోతరు. నువ్వు ఈడనే ఉంటవ్.” ఆమె గట్టి మనిషి, నాకు నచ్చింది. ఆమె మాట పట్టుకునే నేను కఠినంగా ఉన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాట సగమే నిజం. దగ్గరకు తీసినా పోతారు, తియ్యకపోయినా పోతారు. తియ్యని పిల్లలు పోయినప్పుడు వాళ్ల గురించి తలుచుకోవడానికి కూడా మన దగ్గర ఏమీ ఉండదు.

రజిత పెట్టె

శ్రావణి సంగతి చెప్పాలంటే అంతకు చాలా ఏళ్ల ముందు రజిత అనే పిల్ల సంగతి చెప్పాలి.

రజిత హాస్టల్లోనే పెద్దమనిషి అయింది. నాలుగు రోజుల్లో జిల్లా సెలక్షన్లు. “అమ్మమ్మా, మా అమ్మకు చెప్పకు. చెప్తే తీస్కపోతది. సెలక్షన్ అయినంక నేనే చెప్త” అని నా కాళ్లు పట్టుకుంది. నేను చెప్పలేదు. రజిత సెలక్షన్లలో ఆడింది, సెలెక్ట్ కూడా అయింది. వారం తర్వాత తల్లికి ఎట్లాగో తెలిసింది. గేటు దగ్గరే నన్ను పట్టుకుంది.

“నా బిడ్డ పెద్దమనిషి అయితే నాకు చెప్పవా? నేను సచ్చిన్ననుకున్నవా? మా అన్నకు నేనేం చెప్పాలె?”

ఆమె లోపలికి పోయి రజిత ఇనుప పెట్టె నెత్తిన పెట్టుకుని బయటికి వచ్చింది. వెనక రజిత. గేటు దాటాక ఒక్కసారి వెనక్కి చూసింది. ఆ పిల్ల మళ్లీ బంతి ముట్టిందో లేదో నాకు తెలియదు. హాస్టల్‌కు మాత్రం రాలేదు.

అప్పటి నుంచి నాకు నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పిల్ల పెద్దమనిషి కాగానే అన్నిటికన్నా ముందు తల్లికి ఫోను. మరునాటికి తల్లి వచ్చి తీసుకుపోతుంది. తొమ్మిది రోజులో పదకొండు రోజులో అయ్యాక, మేనమామ పెట్టిన కొత్త బట్టలు తొడిగి తిరిగి తెచ్చి దింపుతుంది. మధ్యలో నేను ఆలోచించేది ఏమీ ఉండదు. అన్నేళ్లలో ఎంతోమంది పిల్లలు అట్లా పోయి అట్లా వచ్చారు. ఒక్క మాట రాలేదు. పద్ధతి మంచిదనుకున్నాను. తల్లి మరునాటికి రాలేని చోట ఆ పద్ధతి ఏమవుతుందో ఎప్పుడూ ఆలోచించలేదు.

పొద్దు గూకని చోటు

శ్రావణి సంగతి జరిగిన ఏడు ఎవరో దాతలు ఖర్చు పెట్టుకుని మా పిల్లల్ని విదేశాల్లో రెండు టోర్నమెంట్లు ఆడడానికి పంపించారు. మొదటిది స్వీడన్‌లో, రెండోది డెన్మార్క్‌లో. పదమూడు మంది పిల్లలు, రవీందర్ సారు. ఆడపిల్లల వెంట ఒక ఆడమనిషి తప్పకుండా ఉండాలి. పోవలసింది వార్డెన్ మేడం. ఆమెకు ఆపరేషన్ అయింది. అందుకని నన్ను పంపారు. అంతకు ముందు నేను చూసిన దూరం తిరుపతి.

అక్కడ టీములన్నింటినీ బడుల్లో ఉంచుతారు. ఎండాకాలం సెలవులు కదా, తరగతి గదుల్లో బల్లలు పక్కకు జరిపి, గాలి పరుపులు వేసుకుని పడుకోవడం. మా గది గోడల నిండా చిన్నపిల్లలు వేసిన ఆవుల బొమ్మలు. రాత్రి పది దాటినా వెలుతురే. నాకు ఆ వెలుతురు కష్టమైంది. ఇక్కడ చీకటి పడితే పని అయిపోయిందని ఒళ్లు చెబుతుంది. అక్కడ పని అయిపోయేది, పొద్దు మాత్రం అట్లాగే ఉండేది. పిల్లలు ఏ దేశం పిల్లలతోనో సైగలతో ఆటలాడుకునేవాళ్లు. సారు మిగతా కోచ్‌లతో ఇంగ్లీషులో మాట్లాడేవాడు. నేను బడి మెట్ల మీద కూర్చునేదాన్ని. మూడో రోజుకు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

డెన్మార్క్ బడిలో వడ్డించే ఒక పెద్దావిడ ఉండేది, పసుపు చొక్కా వేసుకుని. నా ఈడు మనిషే. ఒక సాయంత్రం వచ్చి మెట్ల మీద నా పక్కన కూర్చుని, ఫోన్‌లో తన మనవడి ఫొటో చూపించింది. నా దగ్గర చూపించడానికి ఫొటో లేదు. వేళ్లు మడిచి ముగ్గురు మనవలని చెప్పాను. ఆమె మూడు చాక్లెట్లు తెచ్చిచ్చింది. మాకు అంతకన్నా మాటలు లేవు.

స్వీడన్‌లో అన్ని మ్యాచులూ ఓడిపోయాం. అక్కడ గోల్ దగ్గర కావ్య అనే పిల్ల నిలబడింది. పాపం, బంతి వస్తే కళ్లు మూసుకునేది. డెన్మార్క్‌లో సారు శ్రావణిని నిలబెట్టాడు.

శ్రావణికి తండ్రి లేడు. తొర్రూరులో మేనమామ మల్లేశం ట్రాలీ ఆటో నడుపుతాడు. ఎండాకాలం మార్కెట్‌కు పుచ్చకాయలు తోలుతాడు. ఆయన ట్రాలీ మీద నిలబడి ఒక్కో కాయ విసురుతుంటే, ఈ పిల్ల కింద నిలబడి పట్టుకుని కుప్ప పెట్టేదట. కాయ పగిలితే ఆ రోజు ఐస్‌క్రీం లేదు. “పుచ్చకాయ పట్టినోళ్లకు బాల్ ఎంత అమ్మమ్మా, గాలి తప్ప ఏముంది అండ్ల” అనేది. హాస్టల్లో చేర్పించిందీ ఆయనే, గ్లోవ్స్ కొనిచ్చిందీ ఆయనే. డెన్మార్క్‌లో మొదటి మూడు మ్యాచుల్లో ఆ పిల్ల ఒకే ఒక్క గోల్ పడనిచ్చింది. అవతలి టీము కోచ్‌లు కూడా వచ్చి చేయి కలిపారు. టీము మొత్తం ఆ రెండు చేతుల మీద నిలబడింది. ఆట తెలియని నాకే అర్థమైంది.

తుడుపు కర్ర

మూడో మ్యాచ్ అయి బడికి వచ్చాక బాత్రూం దగ్గర శ్రావణి నన్ను పిలిచింది. బట్టలు మార్పించాను. భయపడకు అని చెప్పాను. ఆ పిల్ల భయపడలేదు, సిగ్గుతో కాస్త నవ్వింది కూడా. నేను ఒక్క నిమిషం ఆగలేదు. ఏళ్ల అలవాటు. వాళ్లమ్మకు ఫోన్ చేశాను.

ఆమె ముందు సంతోషపడింది, తర్వాత ఏడ్చింది. “అవ్వా, నా బిడ్డకు ఆడ నువ్వు తప్ప ఎవలున్నరు? నువ్వే తల్లివి. ఎవల కండ్ల పడనియ్యకు. మన పద్ధతిల కూసోబెట్టు. మా తమ్మునికి పొద్దుగాల్ల చెప్త.”

“ఫికర్ చెయ్యకు బిడ్డా” అన్నాను. రజిత పెట్టె నా కళ్ల ముందు కదిలింది.

గదిలో కిటికీ లేని మూలలో నేను తెచ్చుకున్న ప్లాస్టిక్ చాప పరిచాను. మా దిక్కు కూర్చోబెట్టిన పిల్ల ముందు రోకలి అడ్డం పెడతారు, దాన్ని ఎవరూ దాటకూడదు. డెన్మార్క్‌లో రోకలి ఎక్కడిది? బడి వాళ్ల అలమారలో నేల తుడిచే పొడుగాటి కర్ర ఉంటే తెచ్చి అడ్డం పెట్టాను. వేరే ప్లేటు, వేరే గ్లాసు. జావలోకని తెచ్చిన బెల్లం, నువ్వులు కలిపి ముద్ద చేసి పెట్టాను. పిల్లలకు గట్టిగా చెప్పాను: కర్ర దాటి పోవద్దు, ముట్టుకోవద్దు.

కెప్టెన్ నస్రీన్ కర్ర దగ్గర గొంతుక్కూర్చుంది. “అమ్మమ్మా, ఇది అవుట్ లైనా? ఇటు సైడు నుంచి బాల్ పోతే త్రో ఎవలది?”

“నీ పళ్లు రాలగొడ్త, పో.”

“శ్రావణీ, నీకు రెడ్ కార్డు ఇచ్చింది అమ్మమ్మ.”

అందరూ నవ్వారు. శ్రావణి కూడా నవ్వింది. పసుపు చొక్కా పెద్దావిడ లోపలికి వచ్చి, కర్ర ఎవరో మరిచిపోయారనుకుని తీసుకుపోయి అలమారలో పెట్టింది. నేను పోయి మళ్లీ తెచ్చాను. ఆమె మళ్లీ చూసి, నా ముఖం చూసి, కర్రను అక్కడే వదిలి వెళ్లిపోయింది.

నేను చెప్పింది

సాయంత్రం సారుతో గొడవ అయ్యాక గదిలోకి వచ్చాను. పిల్లలు తినడానికి పోయారు. శ్రావణి ఒక్కతే ఉంది. వరండాలో మేము అరుచుకున్నదంతా విన్నది.

“అమ్మమ్మా, రేపు ఒక్క మ్యాచ్ ఆడొచ్చి మల్ల కూసుంట.”

“వద్దు.”

“పదకొండు రోజులు కాకుంటే పదిహేను రోజులు కూసుంట. ఇంటికి పోయినంక నెల కూసుంట.”

“వద్దన్న గదా.”

“ఎందుకు?”

మీ అమ్మ చెప్పింది అంటే, అమ్మతో నేను మాట్లాడతా అంటుంది. మాట్లాడితే తల్లి మెత్తబడుతుంది, రేపు చుట్టాలు ఏమన్నా అంటే ఆమె కూడా రజిత తల్లిలా వచ్చి నన్నే అంటుంది. అంతా ఆ క్షణంలో లెక్క వేసుకున్నాను. ఆ పిల్ల గట్టిది, తనకేదో అవుతుందంటే లెక్క చెయ్యదు. ఎవరి పేరు చెబితే ఊరుకుంటుందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

“నువ్వు ఈ మూల విడిచి ఆటకు పోతే మీ మామకు కీడు.”

శ్రావణి కర్ర వైపు చూసింది. “ఏమైతది?” అని మెల్లగా అడిగింది.

“ఏదన్న కావచ్చు. బండి మీద తిరిగే మనిషి.”

మా ఊళ్లలో అట్లాంటి మాట ఎవరూ నాకు చెప్పలేదు. ఆ గదిలో నిలబడి నేనే పుట్టించాను. ఆ పిల్ల ఇక ఒక్క మాట అడగలేదు. పని ఎంత తేలికగా అయిపోయిందో అనుకున్నాను, అది కూడా దాచను. బయటికి పోయి మెట్ల మీద కూర్చున్నాను. పక్క టీము పిల్లలు పాటలు పాడుకుంటున్నారు. వాళ్లమ్మకు ఫోన్ చేసి అంతా బాగుందని చెప్పాను.

కొత్తవాళ్లకు

ఇన్నేళ్లలో నేను నేర్చుకున్నది చెప్పమంటే చాలా లేదు. బూట్లు ఎండలో ఆరబెట్టవద్దు, తోలు పగులుతుంది. నొప్పి అన్న పిల్ల నాటకమాడుతోందని ముందే అనుకోవద్దు. మగ కోచ్‌లు ఎంత మంచివాళ్లయినా ఆడపిల్ల ఒంటి సంగతులు మాట్లాడలేరు, వాళ్ల మీద కోపం పెట్టుకోవద్దు, కానీ ఆ నిర్ణయాలు వాళ్లకు వదలవద్దు.

తల్లులకు చెప్పకుండా ఏదీ దాచవద్దు. రజిత దగ్గర నేర్చుకున్న ఈ మాట ఇప్పటికీ సరైనదే. కానీ నేను దాన్ని నా నెత్తి మీది బరువు దింపుకోవడానికి వాడుకున్నాను. తల్లిని అడిగాను, సారుతో కొట్లాడాను, దేవుణ్ని కూడా తలుచుకున్నాను. అందరికన్నా ముందు శ్రావణిని అడగవలసింది. “నీకేమనిపిస్తాంది బిడ్డా? మీ అమ్మతోని ఇద్దరం కలిసి మాట్లాడుదామా?” అంటే సరిపోయేది. అంతసేపు పట్టదు ఆ మాట అనడానికి.

ఇంకొకటి. మీరు కఠినంగా ఉండండి, తప్పులేదు. కఠినంగా ఉండే మనిషి మాట పిల్లలు నమ్ముతారు. ఆ నమ్మకం ఉన్నవాళ్లు అబద్ధం ఆడకూడదు. ఎప్పుడూ అబద్ధమాడే మనిషి అబద్ధం ఎవరికీ తగలదు.

మరునాడు పొద్దున

ఏడు గంటలకు శ్రావణి తల్లి ఫోన్ చేసింది. మన దగ్గర అప్పటికి పదిన్నర.

“అవ్వా, పొద్దుగాల్ల మా తమ్ముడు ఇంటికచ్చిండు. నన్ను మస్తు తిట్టిండు. గంత దూరం పంపి మూలకు కూసోబెడ్తవా అక్కా అన్నడు. బట్టలు వచ్చినంక పెడ్త, ముందుగాల ఆడనియ్యి అన్నడు. ఆడనియ్యి అవ్వా.”

కర్ర తీసి పక్కన పెట్టాను. “లే బిడ్డా, జెర్సీ ఏసుకో. మీ అమ్మ ఒప్పుకున్నది.”

శ్రావణి లేవలేదు. “మామకు కీడు గదా?”

“కీడు లేదు ఏం లేదు. నువ్వు ఊకుంటవని నేనే అన్న. అది అబద్ధం.”

“నువ్వు అబద్ధం చెప్పవు అమ్మమ్మా. మ్యాచ్ కోసం సారు అనుమంటే ఇప్పుడు అంటానవ్.”

ఫోన్ చేతికిచ్చాను. తల్లి కూడా పొమ్మని చెప్పింది. శ్రావణి ఒక్కటే అడిగింది: “మామ యాడున్నడు?”

“బండేసుకొని నర్సంపేట దిక్కు పోయిండు బిడ్డా.”

“మామతోని మాట్లాడితే పోత.”

మల్లేశంకు ఫోన్ చేశాం. మోగింది, ఎత్తలేదు. సారు ఫోన్ నుంచి చేశాం. మళ్లీ చేశాం. పిల్లలందరూ బ్యాగులు తగిలించుకుని నిలబడ్డారు. నస్రీన్ చాప పక్కన కూర్చుని శ్రావణి చేయి పట్టుకుంది. “ట్రాలీ నడుపుతాండు గావచ్చు. గా మోతల ఫోన్ ఇనవడ్తదా చెప్పు?”

“ఎప్పుడూ ఎత్తుతడు” అంది శ్రావణి. ముఖం తెల్లబడింది. “ఎందుకు ఎత్తుతలేడు?”

నేను ఆ పిల్ల ముందు కూర్చుని, నా మనవల మీద ఒట్టు పెట్టి అబద్ధమని చెప్పాను. నా వైపు చూడలేదు. ఫోన్ వైపే చూస్తూ కూర్చుంది. ఎనిమిది ఇరవైకి బస్సు వచ్చింది. “పోదాం” అన్నాడు సారు పిల్లలతో. కావ్య గ్లోవ్స్ పట్టుకుని చివరగా ఎక్కింది.

తొమ్మిదిన్నరకు మల్లేశం ఫోన్ చేశాడు. బండిలో మొరం మట్టి లోడు ఉందని, ఫోన్ సీటు కింది పెట్టెలో పడిందని చెప్పాడు. శ్రావణి “ఏం గాలేదు గదా మామా? నిజంగ ఏం గాలేదు గదా?” అని మూడుసార్లు అడిగింది. ఆయన ఏదో అంటే నవ్వింది. ఫోన్ పెట్టేశాక టైం ఎంత అని అడిగింది. చెప్పాను. మ్యాచ్ అప్పటికి సగం దాటింది. గ్రౌండుకు పోవడానికి మాకు దారి కూడా తెలియదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

పదిన్నర దాటాక టీము తిరిగి వచ్చింది. మేము ఒక గోల్ కొట్టామట, మూడు పడ్డాయట. కావ్య వెక్కి వెక్కి ఏడుస్తోంది. శ్రావణి చాప మీది నుంచి లేచి పోయి, కావ్య చేతుల గ్లోవ్స్ ఒక్కొక్కటిగా తీసి, వేళ్లు నిమిరింది.

తినడానికి గంట కొట్టారు. నేను ముందే పోయి శ్రావణి ప్లేటు తెచ్చి చాప దగ్గర పెట్టాను, ఉడకబెట్టిన ఆలుగడ్డలు, రొట్టె. పిల్లలందరూ బయటికి పోయారు. శ్రావణి ప్లేటు వైపు చూడకుండా కావ్య భుజం మీద చెయ్యేసి వాళ్ల వెంట పోయింది. నేను చాప చుట్టాను. కర్ర తీసుకుపోయి అలమారలో పెట్టాను. గదిలో పిల్లల కుర్చీలు చిన్నవి, ఒకటి లాక్కుని కూర్చున్నాను. ఆలుగడ్డలు పారేయబుద్ధి కాలేదు. కొంచెం ఉప్పు చల్లుకుని నేనే తిన్నాను.